మిద్దె మీద ఇంటర్వ్యూ

"ఇదే ఆఖరు హేమా. ఈ సీటు గూడా రాకపోతే శ్రావణంలో తిప్పేష్ మామతో నీ పెండ్లి. మళ్లా ఇంటర్వ్యూ అంటే ఒప్పుకునేది లేదు," అంది కదిరమ్మ, నిచ్చెన కింద నిలబడి.

కూతురు హేమలత ఫోను పట్టుకుని మిద్దె ఎక్కింది. ఆ ఊళ్లో సిగ్నల్ సరిగ్గా అందేది అక్కడే. వేడిగాలి మొహాన దుమ్ము కొడుతోంది. చున్నీ తలకు చుట్టుకుని నీళ్ల ట్యాంకు నీడలో కూర్చుంది. ఎమ్మెస్సీ పాసయినప్పటి నుంచి పీహెచ్‌డీ సీటు కోసం ఎన్ని ల్యాబుల వాళ్లతో ఇలా మాట్లాడిందో ఆమెకే గుర్తు లేదు. అందరూ మర్యాదగానే వద్దన్నారు.

తెరమీద ముగ్గురు కనిపించారు. పుట్టు చెవుడు ఎందుకొస్తుందో జన్యువుల సమాచారాన్ని కంప్యూటర్‌లో పోల్చి కనిపెట్టే ల్యాబ్ వాళ్లది. ప్రోగ్రామింగ్ అడిగారు, చెప్పింది. లెక్కలు అడిగారు, తడబడింది. చివర కూర్చున్న సారు ఆవలించాడు.

ఇదీ అయిపోయింది అనుకుంది హేమలత.

"ఈ సబ్జెక్టే ఎందుకమ్మా?" మధ్యలో ఉన్న మేడం తెలుగులో అడిగింది.

తెలుగు వినేసరికి హేమలతకు ఇంగ్లీషుతో పాటు భయమూ పోయింది.

"మా అక్క సరళకు పుట్టినప్పట్నుంచి వినపడదు మేడం. మా అవ్వ వాళ్ల మేనమామనే చేసుకునింది. మా అమ్మా అంతే. ఇప్పుడు నన్ను మా అమ్మ తమ్మునికి ఇస్తామంటాండారు. చేను బయటికి పోకూడదంట, పిల్లా బయటికి పోకూడదంట. పుట్టే బిడ్డ ఎట్లుంటాదో అంటే, దేవుడుండాడులే అంటారు. ఆ దేవుని లెక్క నేనే వేసి చూద్దామని..."

ఆవలించిన సారు నిటారుగా కూర్చున్నాడు. మేడం కళ్లజోడు సర్దుకుంది. అవ్వకు పిల్లలెందరు, వాళ్లలో వినపడనివాళ్లు ఎవరెవరు, అందరూ ఈ ఊళ్లోనే ఉన్నారా అని ఒకరి తర్వాత ఒకరు అడిగారు. హేమలత ఒక్కదానికీ తడబడలేదు.

"కాసేపు ఆగమ్మా, మేం మాట్లాడుకుని చెప్తాం," అంది మేడం. తెర నల్లబడింది.

"ఏమాయనే?" కింద నుంచి కదిరమ్మ అరిచింది.

"ఇంతసేపు నాతో ఎవురూ మాట్లాడలేదు మా. నచ్చినట్టుండాది."

"మరి మామకు ఏం చెప్పల్ల?"

"పిల్ల చదువుకు పోతాండాది, వేరే పిల్లను చూసుకో అని చెప్పు."

"పోవే! నోరు బాగా వచ్చింది నీకు," అని కదిరమ్మ నవ్వేసింది. "వాని మొకం చూడల్ల అప్పుడు."

హేమలత కూడా నవ్వింది. చాలా రోజులకు నవ్వినందుకు బుగ్గలు నొప్పిగా అనిపించాయి.

తెర వెలిగింది. మేడం మొహం కళకళలాడుతోంది.

"హేమలతా, సీటు వేరే అబ్బాయికి ఇస్తున్నాం. అతను లెక్కల్లో గట్టివాడు. కానీ మీ కుటుంబం మా పరిశోధనకు చాలా అవసరం. అందరి రక్తం తీసుకోవడానికి మావాళ్లు వస్తారు. అభ్యంతరం లేదుగా?"

హేమలత తల ఊపింది. వద్దన్నప్పుడల్లా ఊపి ఊపి ఆ తలకు అలవాటైపోయింది.

"ఇంకొక్క మాట," అంది మేడం. "మీ మామతో పెళ్లి ఖాయమైతే మాత్రం మాకు తప్పకుండా చెప్పు. ఇలా వరసగా మూడు తరాలు దొరకడం చాలా అరుదమ్మా."