ఇస్త్రీ చొక్కా దివాలా

కింద కారు ఆగిన చప్పుడికి లాయరమ్మ కిటికీలోంచి తొంగి చూసింది. దివాలా గురించి మాట్లాడాలని పొద్దున ఫోన్ చేసిన మనిషి సొంత కారులోంచి దిగుతున్నాడు.

మెట్లెక్కి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మడత నలగని ఇస్త్రీ చొక్కా. వేలికి బంగారు ఉంగరం.

"అప్పు ఎంతుంది?" అని అడిగింది.

"లెక్కలు తర్వాత చెప్తానండీ. ముందు కొన్ని సందేహాలు తీర్చండి."

ఆవిడకి అక్కడే తేడా కొట్టింది. నిండా మునిగినవాళ్లు ఆ కుర్చీలో కూర్చోగానే ముందు లెక్కే చెప్తారు. కొందరు చెప్పలేక ఏడుస్తారు. ఇలా తీరిగ్గా చొక్కా చేతులు సర్దుకునేవాళ్లు తక్కువ.

పోయినేడు ఇలాంటివాడే ఒకడొచ్చాడు. కొట్టు బావమరిది పేరు మీదికి మార్చేసి, చేతిలో చిల్లిగవ్వ లేదని ఏడ్చి, ఆవిడ చేతే పిటిషన్ వేయించాడు. వాడికి కూడబెట్టిన డబ్బంతా అప్పిచ్చిన ఒక వంటామె కోర్టు వరండాలో ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఇందులో మీకూ వాటా ఉందా అమ్మా?" అని అడిగింది. ఆ మాట ఇప్పటికీ ఆవిడని నిద్రపోనివ్వదు.

"దివాలా ఆఖరి దారి," అంది పొడిగా. "ముందు అప్పులవాళ్లతో కూర్చుని గడువు అడగొచ్చు. వినకపోతే, కోర్టు ఒప్పుకున్న పద్ధతిలో కొంచెం కొంచెంగా కట్టొచ్చు."

"అవన్నీ అయిపోయాయండీ. ఇక దివాలానే." తడుముకోకుండా చెప్పాడు. "కుట్టు మిషన్లు పట్టుకుపోతారా?"

"బతుకుతెరువు సామాను జోలికి మామూలుగా రారు."

"ఆర్డరు వచ్చాక వసూలువాళ్లు గుమ్మం తొక్కకూడదు కదా?"

"తొక్కకూడదు."

అతని మొహం తేటపడింది. ఆవిడ మొహం ముడుచుకుంది.

"ఆస్తి ఏమైనా ఇంట్లోవాళ్ల పేరు మీదికి మార్చారా? మారిస్తే కోర్టు తవ్వి తీస్తుంది. పైగా కేసవుతుంది."

"మార్చడానికి ఏముందండీ. ఇంట్లో ఆవిడ గాజులు కూడా ఎప్పుడో అమ్మేసింది."

లాయరమ్మ కళ్లు ఉంగరం మీదికి వెళ్లాయి. భార్య గాజులు అమ్మించి తన ఉంగరం మాత్రం దాచుకున్నాడన్నమాట. మహానుభావుడు.

"అందరికంటే పెద్ద అప్పు ఇచ్చినతను ఒకడున్నాడు," అన్నాడతను గొంతు తగ్గించి. "అతను అడ్డుపడితే ఇది ఆగిపోతుందా?"

"పడతాడని భయమా?"

"పడడండీ. అతని సంగతి నేను చూసుకుంటాను."

ఆవిడ చేతిలో పెన్ను ఆగిపోయింది. చూసుకోవడమంటే బెదిరించడమా, నోరు నొక్కడమా?

"అతన్ని కోర్టుకి పిలవకుండా కుదరదా?"

"నోటీసు వెళ్లి తీరుతుంది."

"వెళ్లినా అతను రాకపోతే?"

"రాకపోతే అతనికే నష్టం. రావలసింది కూడా రాదు."

"అదే కావాలండీ," అన్నాడు. నవ్వాడు కూడా. జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టాడు. "ఫీజు ఎంతైనా సరే. పని మాత్రం తొందరగా అవ్వాలి."

ఆవిడ కవరు వంక చూసింది. ఎక్కడో ఎవరో ఇతన్ని నమ్మి అప్పిచ్చాడు. ఆ వచ్చేది కూడా రాకుండా చేయడానికి ఈ పెద్దమనిషి నోట్లు పట్టుకుని తన దగ్గరికే వచ్చాడు.

కవరు వెనక్కి తోసింది. లేచి తలుపు బార్లా తీసింది.

"చూడండి, మోసానికి నా చేత సంతకం పెట్టించుకోలేరు. ఒకసారి పెట్టాను, చాలు. మీరు వెళ్లొచ్చు."

అతను కదల్లేదు. ఉంగరం ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

"వెళ్లే ముందు ఒక్కటి చెప్పండి," అంది, కోపం ఆపుకోలేక. "మిమ్మల్ని నమ్మి అంత అప్పిచ్చిన ఆ అమాయకుడు ఎవరు?"

"నేనేనండీ," అన్నాడతను, "అప్పుల్లో మునిగింది మా తమ్ముడు, నా బాకీ వదిలేశాను రారా అన్నా వినకుండా, నేను కనబడితే చాలు వీధి మారిపోతున్నాడు, దాన్ని కోర్టే కొట్టేస్తేనన్నా మళ్లీ మా ఇంటికి వస్తాడేమోనని."