ఎర్రచుక్క రొయ్యలు

“ఎర్రచుక్క ఉన్న ప్యాకెట్టే ఇవ్వు అంకయ్యా. తెల్లచుక్కది నాకొద్దు,” అంది అచ్చమ్మ.

విశాఖ నుంచి విమానంలో వచ్చే రొయ్యలకి రాయపూర్ దగ్గరి ఖుర్సీపార్ బస్తీ మొత్తంలో అంకయ్య కొట్టే పెట్టింది పేరు. అతను ఫ్రీజర్‌లోంచి తీసిచ్చిన ప్యాకెట్టుని అచ్చమ్మ అక్కడే చింపి, ఓ రొయ్యని ముక్కు దగ్గర పెట్టుకుంది.

“చూడవే కోడలా, సముద్రం వాసన! ఇక్కడికొచ్చి నలభై ఏళ్లయినా నేను మర్చిపోలేదు.”

కోడలు రజనీకుమారి రాయపూర్ విమానాశ్రయంలో సరుకుల షెడ్డులో పనిచేస్తుంది. ఈ కొట్టుకి రావడం ఇదే మొదలు. ఆ కంపుకి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

“ఛీ, పారేయండి అత్తయ్యా! ప్యాక్ చేసినప్పుడు ఈ చుక్క తెల్లగానే ఉంటాది. దారిలో ఐసు కరిగి సరుకు వేడెక్కితేనే ఎర్రబడతాది. మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టినా తెల్లబడదు.”

“ఎర్రచుక్కే అసలు సరుకని అంకయ్యే చెప్పాడే!”

“నాకేటి తెలుసు దీదీ?” అన్నాడు అంకయ్య. “పంపినోళ్లు చెప్పిందే నేనూ చెప్పాను. కసమ్, ఒట్టు!”

అంతలో కొట్టు వెనక వంటింట్లోంచి అతని భార్య కేకేసింది.

“ఏవండీ, మనకని తీసిపెట్టిన తెల్లచుక్క ప్యాకెట్టు వండీమంటారా?”

అంకయ్య గబుక్కున ఫ్రీజర్ మూత వేశాడు.

అచ్చమ్మ చేతిలోని రొయ్యని అతని బల్లమీద పడేసింది. వేళ్లు వాసన చూసుకుని, ముఖం తిప్పుకుంది.

“థూ! ఇదే మా భీమిలి సముద్రం వాసనని మనవలకి మప్పీసానురా, అంకయ్యా.”