పన్నెండో రొయ్య

“కుబుసమిడ్సింది.”

యాకయ్య ఆ మాట మెల్లగానే అన్నాడు. చెవిలో చుక్కలు వేయించుకుని, దూది కుక్కుకుని కూర్చున్న గట్టయ్యకు మాత్రం అందులో పామే వినబడింది.

“పామా! ఏడ?” అంటూ బెంచీ ఎక్కాడు.

హనుమకొండలో డాక్టర్ ఆనందరావు దవాఖాన అది. ఎనభై మూడు ఎండాకాలం. మోకాళ్ల నొప్పుల వాళ్లు కూడా ఒక్క గెంతులో బెంచీలెక్కారు. మందు పడకుండానే సగం జబ్బులు నయమయ్యాయి.

“పాము గాదు బిడ్డా, రొయ్య,” అన్నాడు యాకయ్య.

గాజు తొట్టి పక్కన నిలబడి ఉన్నాడు. అరచేతిలో రొయ్య పొట్టు. మీసాల నుంచి తోక దాకా, చెక్కు చెదరకుండా, వట్టి పొట్టు.

గోల విని కాంపౌండర్ సారంగపాణి మందుల గదిలోంచి ఊడిపడ్డాడు. ఉద్యోగంలో చేరి నెల. మందు చిన్న సీసాలో పోస్తాడు, మాటలు పెద్ద సీసాలో పోస్తాడు. డాక్టరు నిన్ననే పెళ్లికని హైదరాబాదు వెళ్తూ, “నాలుగు రోజులు ఆ తొట్టి పైలం. నీళ్లల్ల ఎవ్వల్నీ చెయ్యి వెట్టనియ్యకు” అని మరీ మరీ చెప్పాడు.

తొట్టిలో పన్నెండు చెరువు రొయ్యలు. పెంచుకునేవి. వేలెడైనా లేవు, ఒళ్లంతా నీళ్ల రంగు.

సారంగపాణి ముసలాయన తడి చెయ్యి చూశాడు. పొట్టు చూశాడు. వంగి రొయ్యల్ని లెక్కపెట్టాడు.

పదకొండు.

“పొట్టు చేతిలున్నది. రొయ్య పొట్టలున్నదా?”

హాలు గొల్లుమంది.

“ఒలిస్తే గింత సాఫుగ రాదు గద సారూ,” అని గొణిగింది ఇంట్లో రొయ్యలు ఒలిచే పూలమ్మ. ఆ నవ్వులో ఎవరికీ వినబడలేదు.

“రోజొస్తడు. రోగముండది, చీటుండది. చీటీ లేనోడు చీటరే! ఏదీ, సంచి చూపియ్యి.”

సంచిలో కాగితం పొట్లం. పొట్లంలో ఉడికించిన పాలకూర ఆకు.

“అగో! కూర గూడ తెచ్చుకున్నడు! ఇగ ఉప్పూ కారం మా దవాఖాన్ల అడుగుతడేమో!”

యాకయ్య నవ్వలేదు. కోప్పడనూ లేదు.

“పెయ్యి వెరిగితే పాత పొట్టు విప్పుతది సారూ. కొత్తది గట్టివడేదాంక రెండు దినాలు రాయి కింద దాసుకుంటది. మేత ముట్టది.”

“నా లాగు పొట్టిగైతే నేను గూడ విప్పి రాయి కింద దాసుకుంట. నడువ్ బయటికి! మళ్ల ఈ గడప తొక్కకు.”

అందరూ చూస్తుండగానే సంచి వాకిట్లో పడింది.

యాకయ్య పొట్టును కిటికీలో పెట్టి, వెళ్లి సంచి తీసుకుని దులుపుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

“జర మేత తక్కువెయ్యి సారూ. వీపు మీద నల్లగీత కనవడితే కడుపు నిండినట్టే. ఒక దినం వెయ్యకున్నా ఫికర్ లేదు. ఎక్కువైతే నీళ్లు ఖరాబయితయి.”

“నువ్వు మేసినంక వాటికి మేతెక్కడిది?”

మళ్లీ నవ్వులు. యాకయ్య వెళ్లిపోయాడు.

సారంగపాణికి మిగిలిన పదకొండింటి మీద జాలి పుట్టుకొచ్చింది. బిస్కెట్టు నలిపి వేశాడు. గుడ్డు సొన వేశాడు. అవి చిట్టి చేతులతో ఏరుకుని తింటుంటే మురిసిపోయాడు.

మూడో రోజు పొద్దున రాయి కింద నుంచి ఏదో కదిలింది.

ముందు మీసాలు. తర్వాత తళతళలాడే కొత్త ఒళ్లు.

సారంగపాణి లెక్కపెట్టాడు. పన్నెండు. కళ్లు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండే.



యాకయ్య ఇల్లెక్కడో తెలియదు. అడిగితే ఎందుకని అడుగుతారు. అందుకని ఎవరినీ అడగలేదు. ఆ సిగ్గుకు ఏదో ఒకటి చెయ్యాలి గదా, రొయ్యలకు ఇంకో చిటికెడు గుడ్డు సొన వేశాడు. పాత పదకొండింటి వీపుల మీదా నల్లగీతలు కనబడుతూనే ఉన్నాయి. సాయంత్రం తలుపు వేస్తూ మరో చిటికెడు వేశాడు.

నాలుగో రోజు పొద్దున తొట్టిలో నీళ్లు బియ్యం కడిగినట్టున్నాయి. రొయ్యలు పక్కలకు ఒరిగి, వండినట్టు ఎర్రబడి ఉన్నాయి.

ఒక్కటీ కదల్లేదు.

పది గంటలకు డాక్టరు దిగాడు. తొట్టి చూశాడు. “యాకయ్య ఏడి?” అన్నాడు.

సారంగపాణి దాచలేదు. హాలు నిండా మనుషులుండగానే, చీటర్ అన్న మాటతో సహా చెప్పేశాడు.

డాక్టరు కిటికీలో ఎండిపోయిన ఆ పొట్టును తీసి అందరికీ చూపించాడు.

“చిన్నపిల్లలకు అంగీ పొట్టిగైతే మార్చుతం గద, ఇది గూడ గంతే. తిన్నది కాదు, విడిచింది. యాకయ్య చెప్పింది నిజం. పొద్దుగాల ఆకేసి, మిగిలింది చేత్తోని తీసేటోడు. ‘ఎవ్వల్నీ’ అన్న గని, ‘యాకయ్య తప్ప’ అనుడు నేనే మర్చిన.”

“మరి గంత మాటన్నా, రోజూ ఎందుకొస్తడో చెప్పలేదేంది సార్?” అన్నాడు సారంగపాణి.

“‘ఇచ్చినంక నాదంటే ఎట్ల సారూ’ అంటడు.”

“ఏమిచ్చిండు సార్?”

డాక్టరు తొట్టి అంచు మీద చెయ్యి పెట్టాడు.

“మంచంల వడ్డ ఆయన భార్య సమ్మమ్మకు పొద్దుపోవాలని పటాలు గట్టే అద్దాలతోని దీన్ని యాకయ్యనే చేసిండు. రెండేండ్లు ఆమె పండుకునే వీటికి మేతేసింది. ఆమె పోయినంక ఒక్కడే ఇంట్ల వీటిని చూడలేక తెచ్చి ఇక్కడ వెట్టి, చూడకుంట ఉండలేక రోజూ వచ్చేటోడు.”