పిడికెడు బియ్యం

"మళ్ళీ తీస్తున్నావా అత్తమ్మా?" కిమ్‌బొయ్ కసిరింది. "గొడవల్లో చర్చే కాలిపోయింది. ఇంకెవరికి ఇస్తావ్?"

లింగ్‌నెంగ్ బియ్యంలోంచి పిడికెడు తీసింది. వండేముందు దేవుడి పేర పిడికెడు బియ్యం పక్కన పెట్టడం ఆమెకు పెళ్ళైన నాటి అలవాటు. ఊళ్ళోవాళ్ళ పిడికిళ్ళన్నీ ఆదివారం చర్చిలో ఒకచోట చేరి, ఎక్కడో ఉన్న దిక్కులేనివాళ్ళకు వెళ్ళేవి. ఇప్పుడు ఊరొదిలి వచ్చి తలదాచుకున్న ఈ శిబిరంలో, పిల్లలకే చాలని బియ్యంలోంచి తీస్తోంది.

"మిజోరం చర్చిల నుంచి బస్తా వచ్చిందని సంబరపడ్డాం. నిన్న వండితే సగం పలుకు, సగం సంకటి! ఏం బియ్యమో ఏమో," అంది కిమ్‌బొయ్.

ముసలామె పిడికిలి విప్పి వెలుతురులో చూసింది. ఎర్రవి, తెల్లవి, సన్నవి, లావువి, అన్నీ కలిసిపోయి ఉన్నాయి.

"ఇవి కొట్లో కొన్నవి కావే," అంది మెల్లగా. "ఇంటికో పిడికెడు తీసినవి."

కిమ్‌బొయ్ వంగి ఆ గింజలు చూసింది.

"తీసేటప్పుడు ఏమని ప్రార్థన చేసేదానివి అత్తమ్మా?"

"ఇవి తినేవాళ్ళెవరో, వాళ్ళని చల్లగా చూడు ప్రభువా అని."

ఎసరు మరుగుతోంది. ఆ పిడికెడు అందులో వెయ్యలేక, పక్కన పెట్టే చోటూ లేక లింగ్‌నెంగ్ అలాగే కూర్చుండిపోయింది.

కిమ్‌బొయ్ ఆమె ముందు మోకరిల్లి దోసిలి పట్టింది.