పదో దెబ్బ

"నిన్నటితో నీకు ఇరవై ఐదు నిండాయి. ఇవాళ్టితో సరి, ఇంక నీకు రింగులో పని లేదు," అన్నాడు మేనేజర్ కజుయోతో. అతని పేరు నెమోతో.

కజుయో డ్రెస్సింగ్ రూం బెంచీ మీద నుంచి లేవలేదు. "నిన్న ఆ పంతొమ్మిదేళ్ళ పిల్లని రెండుసార్లు ఎత్తి కుదేశాను. ఇంటికి పంపితే దాన్ని పంపాలి. నన్నెందుకు?"

"మన ఆడవాళ్ళ కుస్తీ కంపెనీ రూలు. ఇరవై ఐదు దాటిన ఆడది రింగులో బాగుండదు. హాయిగా పెళ్ళి చేసుకో."

"మగవాళ్ళ కంపెనీలో యాభై రెండేళ్ళాయన బొజ్జ ఊపుకుంటూ ఇంకా తాళ్ళ మీంచి దూకుతున్నాడు. ఆయనకి పెళ్ళి కాలేదా?"

"ఆయన సంగతి వేరు."

"ఏం వేరు?"

నెమోతో గడియారం చూశాడు.

మూల స్టూలు మీద కూర్చుని హిదెకో ఇత్తడి గంట తుడుస్తోంది. ఆమెకు నలభై ఒకటి. ఒకప్పుడు ఆమే ఛాంపియన్. పదహారేళ్ళ నుంచి రింగు పక్కన గంట కొట్టడమే పని.

"ఇదిగో, హిదెకోని చూసి నేర్చుకో," అన్నాడు మేనేజర్. "తన రిటైర్మెంటుకి గంట కొట్టింది నేనే. అప్పుడు గంట కొట్టే కుర్చీ నాది. టీవీ టైం అయిపోతోందని టకటకా కొట్టేశాను. ఒక్క మాటంటే ఒక్క మాటనలేదు. వంగి దణ్ణం పెట్టి దిగిపోయింది."

"అవును. ఒక్క మాటనలేదు," అంది హిదెకో, తుడవడం ఆపకుండా.

"విన్నావుగా? గంట పదిసార్లు కొడతారు. పదో దెబ్బ పడేదాకా నువ్వు కుస్తీమనిషివి. పడ్డాక నీ దారి నీది. ఏడుపు బాగా రావాలి, కెమెరా దగ్గరగా పెట్టించాను." తలుపు ధడాల్న వేసి పోయాడు.

కజుయో హిదెకో వైపు తిరిగింది. "అక్కా, పదిహేనేళ్ళకి వచ్చాను. దెబ్బలు తినడం, కొట్టడం, లేచి నిలబడడం. ఇవి తప్ప నాకేమొచ్చు? రేపు పొద్దున లేచి ఏం చెయ్యను?"

"కుడి కాలి కట్టు వదులైంది. బిగించుకో," అంది హిదెకో.

"ఇంక కుస్తీ ఎక్కడిది, కట్టు దేనికి?"

"కట్టుకోమన్నానా!"

హిమేజీ ఊరి జిమ్ములో ఆ ఆదివారం సాయంత్రం మూడు వేల మంది. సగానికి పైగా బడి ఆడపిల్లలు. దీపాలన్నీ ఆర్పి ఒక్కటి కజుయో మీద వేశారు. ఆమె పిడికిళ్ళు బిగించి నిలబడింది. కింద బల్ల దగ్గర హిదెకో గంట కొట్టింది. పిల్లలు ఏడుస్తూనే గట్టిగా లెక్కపెట్టారు.

ఒకటి. రెండు. మూడు.

ఏడో దెబ్బకి కజుయో కళ్ళు మూసుకుంది. ఎనిమిది. తొమ్మిది.

పదోది మోగలేదు.

కజుయో కళ్ళు తెరిచింది. నెమోతో గంట బల్ల దగ్గరికి పరిగెత్తాడు. "కొట్టవేం? ఇంకోటుంది!"

"ఉండనీండి," అంది హిదెకో. గంట కొట్టే సుత్తిని కుర్చీలో పెట్టి దాని మీద కూర్చుంది.

"లే! లేస్తావా లేదా?"

"లేపండి చూద్దాం."

నెమోతో ఆమె భుజం పట్టుకున్నాడు. "చెయ్యి తియ్యరా ముసలాడా!" అని మొదటి వరసలోంచి ఒక పిల్ల అరిచింది. అభిమానులు రింగులోకి విసిరే రంగు కాగితం చుట్ట ఒకటి వచ్చి అతని చెవికి తగిలింది. దాని వెనక వంద. జిమ్మంతా ఒకటే కేక: "తొమ్మిదే! తొమ్మిదే! తొమ్మిదే!"

కెమెరా నెమోతో మొహం మీదికి తిరిగింది. దాని ఎర్ర దీపం వెలుగుతోంది. ఆడపిల్లల ముందు పులి, టిక్కెట్టు కొన్నవాళ్ళ ముందు పిల్లి. ఇలాంటివాణ్ణి మీరూ చూసే ఉంటారు. మైకు లాక్కుని మొహానికి నవ్వు పులుముకున్నాడు.

"పదోది మోగలేదు కాబట్టి... వచ్చే నెల ఒసాకాలో కజుయో మళ్ళీ దిగుతుంది!"

కప్పు ఎగిరిపోతుందేమో అన్నంత గోల. కజుయో రింగు మధ్యలో చతికిలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు, ముక్కు కారిపోతోంది. ఇందాకట్నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలింది. కట్టు కట్టిన కాలిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, ఎవరో ఎత్తుకుపోతారన్నట్టు.

ఇంతోటి రూలు ఒక ఆడమనిషి సుత్తి మీద కూర్చుంటే విరిగిపోయింది. ముందెవరూ కూర్చోలేదు, అంతే.

కాగితం చుట్టలు ఆగినందుకు నెమోతో కూడా చెమట తుడుచుకుని ఊపిరి పీల్చుకున్నాడు. తర్వాత హిదెకో మీదికి వంగి పళ్ళు నూరాడు. "దిగుతుందని చెప్పానే అనుకో. ఎవరితో దిగుతుంది? ఒసాకాలో అమ్మాయిలందరికీ జోడీలు కుదిరిపోయాయి."

హిదెకో లేచి జాకెట్టు జిప్పు లాగింది. లోపల వెలిసిపోయిన ఎర్ర కుస్తీ డ్రెస్సు. పొట్ట దగ్గర కాస్త బిగుతు.

"నాతో."

"మతిపోయిందా నీకు? నువ్వెప్పుడో రిటైరైపోయినదానివి!"

హిదెకో అప్పటికే కింది తాడు మీద కాలు పెట్టి, పై తాడు ఎత్తి పట్టుకుంది.

"టీవీ టైం అయిపోతోందని ఆ రోజు మీరు తొమ్మిదే కొట్టారు మేనేజర్ గారూ, నేను లెక్కపెట్టుకున్నాను."