మూడు వందల రోజుల దీపం

“ఆ దీపం తీసేద్దాం, అన్నా! ఆరిపోతాదని భయపెట్టి బటన్ నొక్కించేది తప్పు,” అంది అమృత.

“భయం కాదమ్మా, భక్తి!” అన్నాడు రాజశేఖర్.

నంద్యాలలో మందుల యాప్ పెట్టిన ఓనరు ఆయన. అది ఎలా కనిపించాలో గీసే డిజైనరు ఆమె. రోజూ పొద్దున ఫోను మోగుతుంది. బీపీ మాత్ర వేసుకుని ‘వేసుకున్నాను’ అని నొక్కితే తెర మీద దీపం వెలుగుతూనే ఉంటుంది. ఒక్కరోజు నొక్కకపోయినా ఆరిపోతుంది.

“కనీసం ‘వేసుకోలేదు’ అని ఇంకో బటనన్నా పెడదాం.”

“దీపం కింద ఆ పాడు మాటేంది? ముందు ఇది చూడు!” రాజశేఖర్ ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. ఆళ్లగడ్డ కమలాక్షమ్మ. మూడు వందల రోజులు. ఒక్కరోజు కూడా తప్పలేదు. “రేపు మన యాప్ చూసేకి ఆసుపత్రోళ్లు వస్తాండారు. ఈమె వీడియో చూపిస్తే ఇంక ఊరూరా మన యాపే! పా, సన్మానం చేసొద్దాం!”

అమృతకూ కాలు నిలవలేదు. మూడు వందల రోజులంటే మాటలా! ఒక నిండు ప్రాణాన్ని కాపాడామన్న సంబరంలో తన వాదన తనకే చిన్నదిగా కనిపించింది. దారిలో శాలువా, చామంతి దండ, కిలో మైసూరుపాకు కొన్నారు.

ఆళ్లగడ్డ బజారులో స్టీలు సామాన్ల అంగడి కమలాక్షమ్మది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఆమె దండను చూసి బిత్తరపోయింది.

“ఎవరికప్పా ఇది?”

“నీకే పెద్దమ్మా! మూడు వందల రోజులు దీపం ఆరనియ్యలేదు నువ్వు!”

ఆమె మురిసిపోయి ఫోను తీసి చూపించింది. “యాడికి పోయినా మర్చిపోను. అహోబిలం పోయినప్పుడు సిగ్నలు లేదు. సిగ్నలున్న కాడ జీపు నిలిపిచ్చి మరీ నొక్కితి!”

చుట్టుపక్కల అంగళ్లవాళ్లు చేరి చప్పట్లు కొట్టారు. శాలువా కప్పుతుంటే అమృతకు కళ్లు చెమర్చాయి. దీపం మీద అన్న మాటలన్నీ మనసులోనే వెనక్కి తీసుకుంది.

రాజశేఖర్ కెమెరా ఎత్తాడు. “ఈపొద్దు మాత్ర చేతిలో పట్టుకో పెద్దమ్మా, వీడియో తీస్తా!”

“మాత్రలా? యాడివప్పా! కండ్లు తిరుగుతాండాయని పోయిన దసరాకే మానుకొంటి,” అంది కమలాక్షమ్మ, ఫోనును కొంగుతో తుడుస్తూ. “దీపం ఆర్పేకి మాత్రం చేతులు రాలే.”