మార్తా వేసిన గోంగూర

కుండీల్లో గోంగూర లేదు.

మార్తా కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. వేళ్ళతో సహా పీకేశారు. రాలిన మట్టి జాడ గడ్డి మీదుగా కంచె దాకా, కంచె దాటి పక్కింటి డోనల్ షెడ్డు దాకా పోయింది.

"ఏవండీ! ముసలాయన మన గోంగూర ఎత్తుకుపోయాడు!"

అప్పుడే మందుల ప్లాంటులో డ్యూటీ దిగి వచ్చిన ఏలీయా, భుజాన బ్యాగుతోనే పెరట్లోకి వచ్చాడు.

"గోంగూర ఎవరన్నా దొంగిలిస్తారా? అదీ ఐర్లండ్‌లో?"

"మరి నడిచెళ్ళిపోయిందా?"

మార్తా ఉడుకుమోతుతనానికి కారణం ఉంది. బాలింకాలిగ్‌లో ఆ ఇల్లు అద్దెకు తీసుకున్నాక ఆమె పెట్టిన మొదటి పెరడు అది. గుంటూరు నుంచి తెచ్చిన విత్తనాలు, షెడ్డులో పాత అద్దెవాళ్ళు వదిలేసిపోయిన కుండీలు, అందులో వాళ్ళ మట్టి. ఏప్రిల్లో కిటికీ గట్టు మీద మొలకెత్తించింది. పగలు ఎండకి బయట, పొద్దు గూకితే లోపల. చంటిపిల్లల్ని తిప్పినట్టు తిప్పింది. మే నెలలో చలి విరిగాక పెరట్లోకి మార్చింది. ఆస్పత్రిలో నర్సు, ఇంటికొచ్చి కుండీలకు కూడా నర్సే.

మొక్కలు మోకాలెత్తు లేచాయి. ఇక్కడ గోంగూర బతకదన్న వాళ్ళందరికీ ఫొటోలు పంపి నోళ్ళు మూయించింది.

"ఆకు కాస్త సన్నంగా ఉందేమిటి? అంచుకి ఆ రంపపు పళ్ళేమిటి?" అని ఏలీయా ఒకసారి అడిగాడు.

"ఇక్కడికొచ్చి మనమే మారిపోయాం. ఆకు మారదా?" అంది.

రుచి చూస్తే అప్పుడే తేలిపోయేది. కానీ మొదటి కోత దేవునిది. అది గుడిలో ఇచ్చేదాకా ఒక్క ఆకు కూడా నోట్లో వేసుకోకూడదని వాళ్ళింట్లో పట్టింపు. ఈ ఆదివారం తెలుగు సంఘంలో ప్రథమఫలాల కానుక. తర్వాత సంఘమంతటికీ పచ్చడి.

"గార్డ్స్‌కి ఫోన్ చేస్తున్నా." ఇక్కడ పోలీసుల్ని అలాగే అంటారు.

"వద్దు మార్తా. సిటిజెన్‌షిప్ ఫైలు ఇంకా ఆఫీసులోనే ఉంది. ఒక్క మచ్చ పడితే అదీ పోద్ది, నీ నర్సు రిజిస్ట్రేషనూ పోద్ది."

"దొంగతనం చేసింది ఆయన. మచ్చ మనకెందుకు పడుద్ది?"

డోనల్‌తో వాళ్ళ పరిచయమల్లా కంచె మీదుగానే. ఎప్పుడూ రబ్బరు బూట్లు, మాసిన కోటు. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అంటాడు, అంతే. మూడు వారాలు ఆస్పత్రిలో ఉండి నిన్ననే ఇంటికొచ్చాడు. వచ్చీ రాగానే ఇదీ నిర్వాకమని మార్తా మండిపడింది.

కాసేపటికి గార్డు వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్తుడు.

"ఏం మొక్కలండీ?"

మార్తా ఫోను ముందుకు చాచింది. "చూడండి, ఎంత ముద్దుగా ఉన్నాయో!"

గార్డు ఫొటో చూశాడు. మార్తాని చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు.

"ఇవి మీరే పెంచారా?"

"ఇంకెవరు? మొలక దగ్గర్నుంచీ నేనే!"

"మేడమ్, ఇది గంజాయి."

మార్తాకి అప్పుడు అర్థమైంది. గుంటూరు విత్తనం చలికి మట్టిలోనే కుళ్ళిపోయింది. మొలిచింది పాత అద్దెవాళ్ళ మట్టిలో మిగిలిన గింజ. రేపు ఆదివారం పాస్టరుగారి కంచంలో ఏం వడ్డించబోయిందో తలచుకుని "దేవా!" అంది. ఏలీయా ముఖం తెల్లబోయింది. మార్తాయే గార్డుని పిలిచి, ఫొటో చూపించి, నేనే పెంచానని చెప్పింది. ఇంక ఫైలేమిటి, ఉద్యోగమేమిటి!

"ఆ మొక్కలు నావి."

కంచె అవతల డోనల్ కర్ర ఊతంగా నిలబడి ఉన్నాడు. మణికట్టుకి ఆస్పత్రి పట్టీ ఇంకా తీయలేదు.

"మొలకలు నేనిచ్చాను. మీ ఊరి ఆకుకూరేనని చెప్పి ఇచ్చాను. ఆ అమ్మాయికేమీ తెలీదు. పొద్దున్న నావి నేను పీక్కున్నాను. షెడ్డులో ఉన్నాయి, రాసుకో."

"కాదు!" మార్తా ఏడుపు గొంతుతో అరిచింది. "ఆయన నాకేమీ ఇవ్వలేదు. నేనే వేశాను!"

గార్డు ఆమె వైపు తిరగలేదు. రాసుకుంటూనే ఉన్నాడు.

డోనల్ మెల్లగా ఆమె దగ్గరికి వచ్చాడు. "పొద్దున్న చాలాసేపు బెల్లు కొట్టానమ్మా. నువ్వు లేవలేదు. ఎవరి కంటా పడకముందే తీసేద్దామనుకున్నాను."

బెల్లు ఆమెకి వినబడింది. నైట్ డ్యూటీ నిద్రలో పార్సెల్ వాడనుకుని దుప్పటి లాక్కుంది. ఆ తర్వాత ఆయన మీదకే గార్డుని పిలిచింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"నా కోసం మీరెందుకండీ..."

"నీ పౌరసత్వం ఇంకా రావాలి. నాది పుట్టినప్పుడే వచ్చింది, ఎవడూ పీకలేడు," అని నవ్వాడు డోనల్. వీధిలో ఆ ఫైలు సంగతి తెలియనివాళ్ళు లేరు, మార్తాయే అందరికీ చెప్పింది.

ఆ వయసులో, ఆ ఒంటితో, కంచె మీది పలకరింపు తప్ప పరిచయం లేని మనిషి కోసం ఆయన తన పేరు రాయించుకుని గేటు వైపు నడిచాడు. అంత నిబ్బరంగా నడిచే మనిషిని మార్తా ఎన్నడూ చూడలేదు. ఏలీయా పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు.

గార్డు కారు వెనక తలుపు తీయబోయి ఆగిపోయాడు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, ముందు తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"అబద్ధమని తెలిసీ ఇవాళ మొదటిసారి రాశాను సార్జెంట్," అన్నాడు, "అదీ ఒక్క అబద్ధం కూడా రాయొద్దని ఉద్యోగంలో చేరిన రోజే నాకు నేర్పిన మీరు చెబితే."